సమ ఉజ్జీలు

ఆఖరి నిమిషం దాకా ఎవరు గెలుస్తారో తెలియకపోతేనే అది గొప్ప ఆట అని మా జిల్లా కబడ్డీ లీగ్ చైర్మన్ నాకు చాలాసార్లు చెప్పాడు. ఆ లెక్కన పాత బస్టాండ్ వెనక ఇద్దరు తాగుబోతులు కొట్టుకుంటే అది ప్రపంచ స్థాయి పోటీ కావాలి. ఎవరు ముందు పడతారో చూసేవాళ్ళకే కాదు, కొట్టుకునేవాళ్ళకూ తెలియదు. ఈ మాట చైర్మన్‌తోనే అన్నాను. పెద్దగా నవ్వాడు. పక్కనున్న వాళ్ళకు కూడా చెప్పి నవ్వించాడు. నేను జోక్ వేశాననుకున్నాడు పాపం.

నేను దుబ్బాకలో సర్కారు హైస్కూల్ పీఈటీగా పనిచేసి రిటైరయ్యాను. అంతకు ముందు రాష్ట్రం తరఫున కబడ్డీ ఆడాను. వానాకాలం వస్తే నా కుడి మోకాలు ఇప్పటికీ ఆ సంగతి గుర్తు చేస్తుంది. ఇప్పుడు సిద్దిపేటలో ఉంటున్నాను. నా నోరు మంచిది కాదని మా ఆయన అంటాడు, నిజమే. ఆట నేర్పేటప్పుడు కూడా నేను పిల్లలను మెచ్చుకునే రకం కాదు. తప్పు చేస్తే తిడతాను. బాగా చేస్తే "ఇంకోపారి" అంటాను, అంటే మళ్ళీ ఒకసారి చెయ్యమని. నా దగ్గర ఆడిన పిల్లలకు అంతకు మించిన బిరుదు లేదు. మేడం నన్ను ఇంకోపారి అన్నదని ఆ సాయంత్రం గల్లీ అంతా చెప్పుకుని తిరిగేవాళ్ళు.

లీగ్ పెడుతున్నారని తెలిసినప్పుడు నేనూ సంబరపడ్డాను, దాచుకోవడమెందుకు. ఆడినందుకు మా పిల్లలకు జీతం ఇస్తారట, మ్యాట్ వేస్తారట, లైట్లు పెడతారట. మట్టిలో మోకాళ్ళు చెక్కుకుపోయిన తరం నాది. కాబట్టి జట్లు కొన్న పెద్దమనుషులను చూసి కూడా నోరు మూసుకున్నాను. ఒకాయనకు రైస్ మిల్లు, ఒకాయనకు ఫంక్షన్ హాల్, మిగిలినవాళ్ళకు అలాంటివే. చైర్మన్ ప్లాట్లు అమ్ముతాడు, ఏదో ఒక రోజు ఎమ్మెల్యే టికెట్ వస్తుందని ఆశ. నడివయసు దాటిన ప్రతి ఆడమనిషినీ "అక్కా" అంటాడు. ఓటు హక్కు ఉన్న అక్కలందరిలో నేనొకదాన్ని. ఆ పెద్దమనుషుల్లో ఒక్కడికైనా కూత అంటే ఏమిటో, పట్టు అంటే ఏమిటో తెలుసా అంటే, తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. జట్లకు మాత్రం పులులు, సింహాలు, చిరుతలు అని పేర్లు పెట్టుకున్నారు. అన్నీ పిల్లి జాతే.

మొదటి సీజన్‌లో ఏ మండలం జట్టు ఆ మండలానిదే. దుబ్బాక జట్టంటే నా బడి పిల్లలే. ఏడుగురిలో ఆరుగురు ఒకే గల్లీ వాళ్ళు, పదేళ్ళ వయసు నుంచి నా తిట్లు తిని పెరిగినవాళ్ళు. ఆ సంవత్సరం వాళ్ళు ఎవరికీ దొరకలేదు. అవతలి కూతగాడు గీత దాటి వస్తే మళ్ళీ వెనక్కి పోయింది తక్కువ.

వాళ్ళలో ఇద్దరి గురించి చెప్పాలి. గల్లీలో ఒకణ్ణి పెద్దోడు అని, ఇంకొకణ్ణి చిన్నోడు అని పిలిచేవాళ్ళు. నేనూ అలాగే పిలిచాను. పెద్దోడిది మగ్గం నేసే ఇల్లు. చిన్నోడి బాపు కల్లు గీయడానికి తాళ్ళెక్కుతాడు. పెద్దోడు కుడి మూలన నిలబడతాడు, చిన్నోడు వాడికి ఎడమ పక్కన. కూతగాడు వచ్చినప్పుడు మూల ఆటగాడు, పక్క ఆటగాడు చెయ్యీ చెయ్యీ పట్టుకుని గొలుసులా కదలాలి. ఇది కబడ్డీలో ఎవరికైనా తెలిసిందే. కానీ అందరూ వేళ్ళు పట్టుకుంటారు. వేళ్ళు చెమటకు జారిపోతాయి. మణికట్టు పట్టుకోవాలి, ఒకరి మణికట్టు మీద ఒకరి బొటనవేలు ఉండాలి. ఆ బొటనవేలితోనే మాట్లాడుకోవాలి. ఒకసారి నొక్కితే ఆగు, రెండుసార్లు నొక్కితే దూకు.

ఇది నోటితో చెబితే వచ్చే విద్య కాదు. అందుకని వాళ్ళ ఇద్దరి మణికట్లూ పెద్దోడి ఇంట్లో నేసిన తువ్వాలతోనే కట్టేసి గ్రౌండ్ చుట్టూ పరుగెత్తించేదాన్ని. ఒకడు ఆగితే రెండోవాడు పడాలి. పడేవాళ్ళు, లేచేవాళ్ళు, నన్ను లోపల తిట్టుకునేవాళ్ళు. ఒక ఎండాకాలమంతా బడి నుంచి ఇంటికి కూడా అలాగే నడిపించాను. గల్లీ ఆడవాళ్ళు అరుగుల మీద కూర్చుని, "పెండ్లి ఎప్పుడురా మీది" అని ఆటపట్టించేవాళ్ళు. తువ్వాల విప్పేసిన తర్వాత కూడా ఆ ఇద్దరూ పక్కపక్కన నిలబడితే చాలు, చెయ్యి చేతిని వెతుక్కునేది. కిరాణా దుకాణం ముందు నిలబడ్డా అంతే. చూసి నవ్వుకునేదాన్ని, వాళ్ళకు కనబడకుండా.

మొదటి సీజన్ అయిపోగానే చైర్మన్ నన్ను మీటింగ్‌కు పిలిచాడు. ఫంక్షన్ హాల్లో ఏసీ గది, ప్లేట్లలో జీడిపప్పు. జట్ల ఓనర్లందరూ ముఖాలు మాడ్చుకుని కూర్చున్నారు.

"అక్కా, నీ పిల్లగాండ్లు మస్తు ఆడిన్రు. కాదంటలే" అన్నాడు చైర్మన్. "కానీ ఇంటర్వెల్ కాంగనే జనం లేచి పోతున్రు. ఎవడు గెలుస్తడో ముందే తెలిస్తే ఎవడు కూసుంటడు?"

"మంచి ఆట చూడ చేతగానోళ్ళు పోతే పోనీ" అన్నాను.

"వాళ్ళు పోతే టీవీ వాడు పోతడు, ఫ్లెక్సీ వాడు పోతడు" అన్నాడు రైస్ మిల్లు ఓనర్. "ఆఖర్కి మేం కూడ పోతం."

దానికి నేను చెప్పిన జవాబు ఇప్పటికీ నా జవాబే. దౌల్తాబాద్ జట్టును చూడండి అన్నాను. మా చేతిలో మొదటిసారి ఓడినప్పుడు వాళ్ళకు చీలమండ పట్టు అంటేనే తెలియదు. రెండోసారి ఆడేనాటికి మా పట్టు మాకే వేశారు. ఎక్కడ నేర్చుకున్నారు? మా కింద పడి నేర్చుకున్నారు. తెల్లారకముందే లేచి ఊరి బయట మడిలో సాధన చేస్తున్నారని అక్కడి వాళ్ళే చెప్పారు. బలమైన జట్టు ఒకటుంటే మిగిలినవాళ్ళు దాని ఎత్తుకు ఎదుగుతారు. రెండేళ్ళు ఓపిక పట్టండి, పోటీ దానంతట అదే వస్తుంది అన్నాను. రెండేళ్ళ ఓపిక! ప్లాటు కొని ఆరు నెలల్లో డబల్ కావాలనుకునేవాళ్ళ దగ్గరా నేను ఆ మాట అన్నది?

"సమానం చేద్దాం" అన్నాడు చైర్మన్, కొత్తగా కనిపెట్టినట్టు. "అందరు మంచి ప్లేయర్లను కలిపి చీటీలేద్దాం. ఒక్క ఊరి మంచి ప్లేయర్లు ఇద్దరు ఒక్క జట్టుల ఉండొద్దు. గప్పుడు అన్ని మ్యాచులు టైట్."

అందరూ చప్పట్లు కొట్టారు. పాలు చిక్కగా ఉన్న ఇంట్లో నీళ్ళు పోసి వీధంతా ఒకే రకం పాలు తాగిద్దామన్నట్టుంది ఆ సమానత్వం. పల్చటి పాలను చిక్కగా చేయడం మాత్రం ఎవరికీ తోచలేదు. దానికి గేదెను మేపాలి.

చీటీల కార్యక్రమం కూడా అదే ఫంక్షన్ హాల్లో పెట్టారు, డీజేతో. పెళ్ళికొడుకుల్లా మా పిల్లలను వరసగా నిలబెట్టారు. స్టీల్ బిందెలోంచి చైర్మన్ మనవరాలు చీటీలు తీసింది. పెద్దోడు ఫంక్షన్ హాల్ వాళ్ళ జట్టుకు పడ్డాడు, చిన్నోడు రైస్ మిల్లు వాళ్ళ జట్టుకు. చిన్నోడి పేరు చదివినప్పుడు వాడు పెద్దోడి పక్కనే నిలబడి ఉన్నాడు. "పోరా" అని పెద్దోడు వాడి వీపు మీద తట్టాడు. వాడు స్టేజీకి ఆ చివరకు పోయి కొత్త టీ షర్టు తొడుక్కున్నాడు. ఫోటోగ్రాఫర్ నవ్వమంటే నవ్వాడు.

నేను లేచి వచ్చేస్తుంటే పెద్దోడు బయటిదాకా వచ్చాడు.

"ఏం గాదు మేడం, ఎవలతోనన్న ఆడుతం" అన్నాడు.

వాడు అలా అన్నాడు గానీ, వాడి పరిస్థితి నాకు తెలుసు. టీవీలో వచ్చే పెద్ద లీగ్ వాళ్ళ దగ్గర పనిచేసే సెలెక్టర్ ఒకాయన హైదరాబాద్‌లో ఉన్నాడు. మొదటి సీజన్ వీడియోలు చూసి నాకు ఫోన్ చేశాడు. దుబ్బాక జట్టులో కుడి వైపు జోడీ బాగుందని, వచ్చే సీజన్‌లో స్వయంగా వచ్చి చూస్తానని, నచ్చితే ఇద్దరినీ క్యాంపుకు తీసుకుపోతానని అన్నాడు. చిన్నోడికి వయసుంది. పెద్దోడికి లేదు. ఆ క్యాంపులకు వయసు పరిమితి ఉంటుంది, వాడికది ఆఖరి సంవత్సరం. ఇంట్లో మగ్గం మీద వచ్చేది ఉప్పుకూ పప్పుకూ చాలదు. వాడి బావ భివండీలో పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు. ఈసారి ఆటలో ఏదీ కుదరకపోతే భివండీకి వచ్చేయమని, జాగ చూసి పెట్టానని కబురు కూడా పంపాడు. కాబట్టి పెద్దోడికి ఆ సీజన్ అంటే క్యాంపా, భివండీనా అన్నదే. చీటీల బిందెకు ఆ సంగతి తెలియదు.

రెండో సీజన్ మొదలైంది. చైర్మన్ కోరుకున్నట్టే ప్రతి మ్యాచూ ఆఖరి కూత దాకా పోయింది. జనం విరగబడ్డారు. కామెంటరీ చెప్పే కుర్రాడు "ఉత్కంఠ, ఉత్కంఠ" అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్నాడు. నేను మ్యాట్ పక్కన కుర్చీలో కూర్చుని, తలనొప్పి మాత్ర వేసుకుని చూశాను. అది ఆటా? ఏడుగురు మనుషులు, ఒకరి పేరు ఒకరికి సరిగ్గా తెలియదు. కలిసి సాధన చేసింది వారం రోజులు కూడా లేదు. కూతగాడు వస్తే తలా ఒక దిక్కు పోతారు. ఇద్దరు ఒకేసారి దూకి తలలు గుద్దుకుంటారు. అవతలివాడు కూడా అంతే చేతకానివాడు గనుక పాయింట్లు సమానంగా ఉంటాయి. ఇద్దరు ఈత రానివాళ్ళు నీళ్ళలో కొట్టుకుంటుంటే ఎవరు ముందు ఒడ్డుకు వస్తారో చెప్పలేం కదా, ఆ ఉత్కంఠ.

చూసేవాళ్ళను చూస్తే ఇంకా ఒళ్ళు మండేది. ఆట మొదలైనప్పుడు ఫోన్లు చూసుకుంటారు. బజ్జీలు తింటారు. ఆఖరి ఐదు నిమిషాలకు తలెత్తి ఈలలు వేస్తారు. ముప్పై ఐదు నిమిషాల చెత్త తర్వాత వచ్చే ఐదు నిమిషాల చెత్తకు అంత ఈల ఎందుకో నాకు అర్థం కాలేదు.

ఒక్కటి మాత్రం చెప్పకపోతే నేను అబద్ధాలాడినట్టే. దౌల్తాబాద్ పిల్లవాడు ఒకడున్న జట్టు మొదటిసారి గెలిచిన రోజు, ఆ ఊరి నుంచి ట్రాలీలో వచ్చినవాళ్ళు మ్యాట్ చుట్టూ ఎగిరారు. ఒక ముసలాయన తలపాగా తీసి గాల్లో తిప్పుతూ ఏడ్చేశాడు. నా కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి. ఇంటికి వచ్చి అన్నం తింటుండగా ఆలోచించాను. మొదటి సీజన్ తర్వాత వాళ్ళు చేసిన సాధనతో, వాళ్ళ ఊరి జట్టుగానే, మమ్మల్ని ఓడించి గెలిచి ఉంటే ఆ ముసలాయన ఎలా ఎగిరేవాడో అనుకున్నాను. ఆ సంతోషం కూడా వాళ్ళ దగ్గర్నుంచి ఈ పెద్దమనుషులు లాక్కున్నారు. గెలుపును దానం చేసినట్టు చేతిలో పెట్టారు.

పెద్దోడు ఆ సీజనంతా ఒంటరిగా ఆడాడు. వాడి పక్కన నిలబెట్టిన కుర్రాడు చెయ్యి పట్టుకోడు. "నాకు ఫ్రీగా ఉంటేనే ఆట వస్తది" అంటాడట. ఫ్రీగా ఉండి వాడు చేసింది ఏమిటంటే, ప్రతి మ్యాచ్‌లో ముందు ఔటయి బెంచీ మీద కూర్చోవడం. పెద్దోడు చీలమండ పట్టుకుంటే వెనక నుంచి నడుము పట్టేవాడు లేడు. పట్టుకున్నవాణ్ణి పట్టుకున్నట్టే కూతగాడు ఈడ్చుకుపోయేవాడు. ఒక సంగతి నేనొక్కదాన్నే చూశాను. కూతగాడు గీత దాటగానే పెద్దోడి ఎడమ చెయ్యి పక్కకు చాచుకునేది, గాల్లో ఒకసారి తెరుచుకుని మూసుకునేది. వాడికి ఆ సంగతి తెలుసని నేను అనుకోను.

ఫైనల్‌కు ఆ ఇద్దరి జట్లే వచ్చాయి. గొప్పగా ఆడి కాదు, మిగిలినవాళ్ళ కంటే కాస్త తక్కువ చెత్తగా ఆడి. సెలెక్టర్ కూడా ఆ రోజే వచ్చాడు. సన్నగా, తెల్ల షూస్ వేసుకుని, మర్యాదగా ఉన్నాడు. నా పక్క కుర్చీలో కూర్చోగానే, "మేడం, ఆ జోడీ ఏ టీమ్?" అని అడిగాడు.

"ఆ టీమ్‌ల ఒకడు, ఈ టీమ్‌ల ఒకడు" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు, మ్యాట్ వైపు చూశాడు. "నేను జోడీని చూద్దామని వచ్చిన" అన్నాడు.

"మా చైర్మన్‌కు చెప్పుండ్రి, సమానంగా కోసి ఇస్తడు" అన్నాను. ఆయన నవ్వలేదు.

మ్యాచ్ ఎప్పటిలాగే నడిచింది, అంటే సమానంగా. ఆఖరి కూతకు వచ్చేసరికి రెండు జట్లకూ పాయింట్లు ఒక్కటే. కూత రైస్ మిల్లు జట్టుది. వాళ్ళ కూతగాళ్ళందరూ ఔటై బెంచీ మీద ఉన్నారు. మ్యాట్ మీద మిగిలినవాళ్ళలో కాస్త కాళ్ళాడేవాడు చిన్నోడే. వాడు జన్మలో కూతకు పోయినవాడు కాదు, పట్టేవాడు. ఓనర్ మ్యాట్ బయట నుంచి "నువ్వే పో, నువ్వే పో" అని తువ్వాల ఊపాడు. ఇవతల ఫంక్షన్ హాల్ జట్టులో ముగ్గురే మిగిలారు. ఇద్దరు ఎడమ వైపు దూరంగా, పెద్దోడు కుడి మూలన ఒక్కడే.

చిన్నోడు కూత పెడుతూ గీత దాటాడు. ఈలలు, డప్పులు, కామెంటరీ కుర్రాడి అరుపులు. చెవులు పనిచేయడం లేదు. ఎడమ వైపు ఇద్దరూ భయపడి వెనక్కి జరిగారు. వాడు అటు ఇటు ఊగి, తెలిసిన వైపని కాబోలు, కుడి మూలకు లోతుగా వచ్చాడు. కూతగాడైనవాడు ఎప్పుడూ పట్టేవాళ్ళ వైపు ముఖం పెట్టి వెనక్కి అడుగేయాలి. చిన్నోడికి అది రాదు. వాడు గిర్రున తిరిగి మధ్య గీత వైపు ముఖం పెట్టాడు. అలా తిరిగిన చోటు పెద్దోడికి ఎడమ పక్కన, ఇన్నేళ్ళూ వాడు నిలబడిన చోటే.

పెద్దోడి ఎడమ చెయ్యి అప్పటికే చాచి ఉంది. చిన్నోడి కుడి చెయ్యి పోయి దాంట్లో పడింది. మణికట్టు మీద మణికట్టు. చిన్నోడు బొటనవేలితో ఒకసారి నొక్కాడు. ఆగు అని. పెద్దోడు ఆగాడు.

ఇద్దరూ మోకాళ్ళు కొంచెం వంచి, చెయ్యీ చెయ్యీ పట్టుకుని, మధ్య గీత వైపు చూస్తూ నిలబడ్డారు. కూతగాడు వస్తాడని ఎదురుచూస్తున్నారు. రావాల్సిన కూతగాడు అక్కడే, వాళ్ళిద్దరిలో ఒకడు. రెప్పపాటు, అంతకంటే ఎక్కువ లేదు. నాకు మాత్రం ఒక ఎండాకాలమంత కనబడింది. అప్పుడు చిన్నోడికి తన నోట్లోంచి వస్తున్న కూత తనకే వినబడిందేమో, ఉలిక్కిపడి చెయ్యి వదిలి పరుగెత్తాడు. గీత దాటి అవతల పడ్డాడు. పెద్దోణ్ణి ముట్టుకున్నట్టే గనుక పాయింటు, మ్యాచు, కప్పు. పెద్దోడు ఇంకా గీత వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత తన ఎడమ చేతిని చూసుకున్నాడు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఎవడో గ్యాలరీలోంచి అరిచాడు, "సెట్టింగ్! ముందే మాట్లాడుకున్నరు!" అని. ఇంక అందరూ అదే. "సెట్టింగ్! సెట్టింగ్! ఒక్క ఊరోళ్ళు!" ముప్పై ఐదు నిమిషాలు బజ్జీలు తిన్నవాళ్ళకు ఒక్కసారిగా ఆట మీద ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో! నీళ్ళ సీసాలు విసిరారు. పెద్దోడి భుజానికి ఒకటి తగిలింది. వాడు పక్కకు కూడా జరగలేదు.

సెలెక్టర్ లేచి నిలబడ్డాడు. ఆయనకు అర్థమైంది, ఆటాడినవాడు కదా. ఆ చెయ్యి ఎందుకు పట్టుకున్నారో నేను చెప్పక్కర్లేకపోయింది.

"నేను నమ్ముత మేడం" అన్నాడు. "కానీ ఈ వీడియో మావాళ్ళు చూస్తే ఏమంటరు? పేరు ఖరాబైన పిల్లగాణ్ణి క్యాంపుకు తీసుకపోలేను." వాచీ చూసుకుని, "చిన్నోనికి వచ్చే యేడు చూద్దాం. పెద్దోనికే వయసు దాటిపోతది" అన్నాడు. తెల్ల షూస్‌కు దుమ్ము అంటకుండా మెల్లగా నడిచి వెళ్ళిపోయాడు.

మరుసటి రోజు అదే ఏసీ గదిలో విచారణ. అవే జీడిపప్పులు. పెద్ద టీవీలో వీడియో వేసి, చిన్నోడి బొటనవేలు దగ్గరికి జూమ్ చేసి ఆపాడు చైర్మన్. ఇద్దరు పిల్లలూ గోడకు ఆనుకుని నిలబడ్డారు. కూర్చోమన్నవాళ్ళు లేరు.

"గిది సిగ్నల్ గాదా అక్కా? నువ్వే చెప్పు" అన్నాడు.

"సిగ్నలే" అన్నాను. "ఆగుమని సిగ్నల్. కూతగాడు వస్తుండు, ఆగు అని. నేనే నేర్పిన. వానికి పాయింటు కావాలంటే నొక్కుడు ఎందుకు, ముట్టుకుని ఉరుకుతడు గదా?"

"గయన్ని మాకెట్ల తెలుస్తయి?" అన్నాడు ఫంక్షన్ హాల్ ఓనర్. అదొక్కటే ఆ గదిలో ఎవరైనా చెప్పిన నిజం.

"సరే, సెట్టింగే అనుకుందాం" అన్నాను. "గట్లైతే మ్యాచ్ రద్దు చెయ్యిండ్రి. కప్పు వాపస్ తీసుకోండ్రి."

రైస్ మిల్లు ఓనర్ కుర్చీలో ముందుకు జరిగాడు. అతను అప్పటికే కప్పును జీపు బానెట్ మీద పెట్టుకుని ఊరంతా తిప్పాడు.

"కప్పు సంగతి వేరు అక్కా" అన్నాడు చైర్మన్. "కప్పు కప్పే. క్రమశిక్షణ క్రమశిక్షణే."

ఇద్దరికీ రెండు సీజన్ల నిషేధం. కప్పు రైస్ మిల్లు ఆఫీసులో అద్దాల బీరువాలో ఉంది. అందరికీ సమానంగా న్యాయం జరిగింది. బయటికి వచ్చాక చిన్నోడు ఏడ్చాడు. "నా తోటే అయింది మేడం, నేనే చెయ్యి పట్టిన" అన్నాడు. "నా చెయ్యి నేను చాపి ఉంచలేదారా, మూసుకో" అని పెద్దోడు కసిరాడు. ఆ నెల దాటకముందే వాడు భివండీ బండి ఎక్కాడు. చిన్నోడు ట్రాలీ ఆటో కిరాయికి తీసుకుని నడుపుతున్నాడు. వచ్చే యేడు చూద్దామన్న సెలెక్టర్ మళ్ళీ ఫోన్ చేయలేదు.

మొన్న పెద్దోడి అవ్వకు కంటి ఆపరేషన్ ఉండి వాడు సెలవు పెట్టుకుని వచ్చాడు. సిద్దిపేట దవాఖానకు చిన్నోడే తన ఆటోలో వాళ్ళను తీసుకొచ్చాడు. నాకు ఫోన్ చేస్తే నేనూ పోయాను. పెద్దోడు చిక్కాడు, దగ్గు కూడా ఉంది. పవర్‌లూమ్ దుమ్మంట. అవ్వను లోపలికి తీసుకుపోయాక ముగ్గురం రోడ్డు దాటి చాయ్ హోటల్ ముందు నిలబడ్డాం.

హోటల్ పైన కొత్త సీజన్ ఫ్లెక్సీ కట్టి ఉంది. పైన వరసగా చైర్మన్, ఓనర్లు, చేతులు జోడించి. కింద పెద్ద ఫోటో. రెండు చేతులు, అంతే. ముఖాలు కోసేశారు. ఒకరి మణికట్టు ఒకరు పట్టుకున్న రెండు చేతులు, లైట్ల వెలుగులో చెమటతో మెరుస్తున్నాయి. దాని కింద పసుపు అక్షరాలు: సమ ఉజ్జీల సమరం.

చిన్నోడే ముందు గుర్తుపట్టాడు. ఫోటోలో ఒక చేతికి ఎర్ర దారం ఉంది, ఫైనల్ రోజు పొద్దున వాళ్ళమ్మ వర్గల్ సరస్వతమ్మ గుడి నుంచి తెచ్చి కట్టింది.

"ఏ, గిది నా చెయ్యే గదా" అన్నాడు.

నేను అక్కడే చైర్మన్‌కు ఫోన్ కొట్టాను. "గా ఫ్లెక్సీ మీద చేతులు ఎవలయో ఎరుకేనా?" అని అడిగాను.

"ఎవలయైతేందక్కా, మంచిగొచ్చింది గదా" అన్నాడు. "ఫ్లెక్సీ పిల్లగాడు పాత ఫోటోలల్ల ఎతికి పెట్టిండు. అందరు మెచ్చుకుంటున్రు. ఓపెనింగ్‌కు నువ్వు రావాలె మరి."

నేను ఫోన్ పెట్టేశాను. తిట్టడానికి ఇంత పెద్ద నోరు పెట్టుకుని, ఆ మనిషికి సరిపోయే తిట్టు ఒక్కటీ దొరకలేదు. తిట్టు అర్థం కావడానికైనా కొంత జ్ఞానం ఉండాలి కదా.

పెద్దోడు చాయ్ గ్లాసు పట్టుకుని తలెత్తి చూస్తూ ఉండిపోయాడు. వాడికి కోపం వస్తుందేమోనని నేను ఎదురుచూశాను. రాలేదు. ఫ్లెక్సీ కిందికి పోయి ఇంకా దగ్గరగా చూశాడు. ముఖంలో ఏదో సంతోషం లాంటిది కనబడింది.

"పట్టు చూసిన్రా మేడం? వేళ్ళు గాదు, మణికట్టు మీదనే ఉన్నది" అన్నాడు. "బొటనవేలు గూడ సక్కగ పడ్డది."

నిజమే. ఆ సీజన్ మొత్తానికి ఆ మ్యాట్ మీద పడిన సరైన పట్టు అదొక్కటే. వాడు నా వైపు తిరిగి, చిన్నప్పుడు గ్రౌండ్‌లో నిలబడినట్టే నిలబడి, నేను ఒక మాట అంటానని ఎదురుచూశాడు. ఆ మాట ఏమిటో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఇంకోపారి అనడానికి నాకు నోరు రాలేదు.